బొగ్గుబాయి నుండి వచ్చిన ప్రధానమంత్రి: ఆండ్రూ ఫిషర్



హెలెన్స్‌బర్గ్ ఎక్కడుంది అని సిడ్నీలోని ఏ తెలుగువారిని అడిగినా ముందు వేంకటేశ్వరస్వామి గుడి గురించే చెబుతారు. మీ ఆఫీసులో పనిచేసే మిత్రులు సెలవుల్లో కుటుంబంతో అక్కడికి వెళ్ళి వచ్చిన ఫోటోలు మీరూ చూసే ఉంటారు. సిడ్నీకి దక్షిణాన సుమారు 45 కిలోమీటర్ల దూరంలో, అడవి మధ్య, వొలొంగాంగ్ నగరపాలక పరిధిలో ఉన్న చిన్న ఊరది. ఆ ఊరు పుట్టింది మాత్రం గుడి వల్ల కాదు, చర్చి వల్ల కూడా కాదు. బొగ్గు వల్ల.

మెట్రోపాలిటన్ గని అని దానికి పేరు. 1880ల్లో అక్కడ వెయ్యి అడుగులకు పైగా లోతుకు షాఫ్ట్ తవ్వారు. 1888 నుండి బొగ్గు తీయడం మొదలైంది. సరిగ్గా ఆ రోజుల్లోనే, 1889లో, మన ఇల్లందులో సింగరేణి బొగ్గు తవ్వకం ఆరంభమైంది. గోదావరిఖని, కొత్తగూడెం వైపు నుండి వచ్చినవారు మన సంఘాల్లో ఉన్నారు గనుక బొగ్గుబాయి అంటే ఏమిటో కొందరికి నేను వివరించనక్కరలేదు. హెలెన్స్‌బర్గ్ అనే పేరు స్కాట్లండ్ నుండి వచ్చిందని కొందరు, గని మొదటి మేనేజరు చార్లెస్ హార్పర్ కూతురు హెలెన్ పేరు మీద పెట్టారని కొందరు చెప్పుకుంటారు. ఆ హార్పర్ కూడా గని పనిలో జరిగిన ప్రమాదంలోనే చనిపోయాడు. మేనేజరుకే తప్పలేదంటే కూలివాని సంగతి చెప్పాలా?

ఆ కొండల వరుసలో పెద్ద ప్రమాదాలు చాలానే జరిగాయి. 1887 మార్చి 23న బుల్లైలో 81 మంది చనిపోయారు. 1902 జూలై 31న మౌంట్ కెంబ్లాలో 96 మంది. వీటికి స్మారకాలున్నాయి, ఏటా ప్రార్థనలు జరుగుతాయి. అయితే ఒక్కొక్క వేలు, ఒక్కొక్క చెయ్యి, ఒక్కొక్క కాలు చొప్పున గని పోగొట్టుకున్న మనుషులకు స్మారకాలు ఉండవు. బొగ్గు టబ్బుల మధ్య నలిగిన చెయ్యి పత్రికలో రెండు వరుసల వార్త అయితే గొప్ప. ఆ రెండు వరుసల తరువాత ఆ ఇంట్లో పొయ్యి ఎలా వెలిగింది, అద్దె ఎవరు కట్టారు, భార్య ఎవరి ఇంట్లో బట్టలు ఉతికింది అనేది ఎవరూ రాయరు.

ఆ రెండు వరుసల తరువాతి బ్రతుకును గురించి చట్టం చేయగల స్థానానికి చేరిన ఒక గని కార్మికుని జీవితాన్ని ఈ నెల మీతో పంచుకోవాలనుకుంటున్నాను. ఆండ్రూ ఫిషర్ గారు మూడుసార్లు ఆస్ట్రేలియా ప్రధానమంత్రి. ఆయన హెలెన్స్‌బర్గ్ వాసి కాదు. స్కాట్లండ్‌లో పుట్టి క్వీన్స్‌లాండ్‌లో స్థిరపడ్డాడు. అయినా హెలెన్స్‌బర్గ్ గనిలో దిగిన మనుషులు ఎలాంటివారో తెలియాలంటే ఆయన కథే సరైనది. ఆ కథలో మనకు నొప్పి కలిగించే భాగం కూడా ఉంది. దాన్ని దాచను.

ఆయన 1862 ఆగస్టు 29న స్కాట్లండ్‌లోని ఎయిర్‌షైర్ ప్రాంతంలో క్రాస్‌హౌస్ అనే గని పల్లెలో పుట్టాడు. తండ్రి రాబర్ట్ బొగ్గు కార్మికుడు. ఇంటి నిండా పిల్లలు. దైవభక్తి గల ప్రెస్బిటేరియన్ కుటుంబం. తండ్రి తోటివారితో కలిసి ఊళ్ళో సహకార సంఘం దుకాణం పెట్టించాడు. ఆ సంఘానికి చిన్న గ్రంథాలయం ఉండేది. ఆండ్రూ బడి చదువు పదేళ్ళ వయసుకు అటూ ఇటూగా ఆగిపోయింది గనుక, ఆ తరువాత నేర్చుకున్నదంతా అలాంటి పుస్తకాల పుణ్యమే.

పదేళ్ళ పిల్లవాడు గనిలోకి ఎందుకు దిగాలి? ఆ ఇళ్ళలో జవాబు ఒక్కటే. తండ్రి ఊపిరితిత్తుల్లో బొగ్గు దుమ్ము చేరి పని చేయలేని స్థితి వస్తుంది, కొడుకు ఆ స్థానంలోకి వెళ్తాడు. రాబర్ట్ ఫిషర్‌కు జరిగిందదే. యంత్రం చెయ్యి తీసుకుంటే అందరికీ కనబడుతుంది. దుమ్ము ఊపిరి తీసుకుంటే కనబడదు, అంతే తేడా.

ఇక్కడ కొంచెం ఆగి, ఆ రోజుల్లో పనిలో దెబ్బతిన్నవాని గతి ఏమిటో చెప్పాలి. ఇది తెలియకపోతే తరువాత ఫిషర్ చేసినదాని విలువ మనకు అర్థం కాదు.

1837 నుండి ఇంగ్లండు న్యాయస్థానాల్లో ఒక సూత్రం పాతుకుపోయింది. తోటి పనివాని పొరపాటు వల్ల నీకు దెబ్బ తగిలితే యజమాని బాధ్యుడు కాడు. ఆలోచించండి, గనిలో గానీ ఫ్యాక్టరీలో గానీ మనిషికి దెబ్బ తగిలేది దాదాపు ఎప్పుడూ తోటి మనిషి చేయి పక్కనే కదా! ఇంజను నడిపేవాడు తోటివాడే, టబ్బు తోసేవాడు తోటివాడే, కప్పుకు కొయ్య ఆధారం పెట్టేవాడూ తోటివాడే. ఫోర్‌మన్‌ను కూడా తోటి పనివాని కింద జమకట్టిన తీర్పులు ఉన్నాయి. దీనికి మరో రెండు తాళాలు వేశారు. కూలికి ఒప్పుకున్నప్పుడే ప్రమాదానికి కూడా ఒప్పుకున్నావు అన్నది ఒకటి. నీ వైపు రవ్వంత తప్పున్నా పైసా రాదు అన్నది రెండోది. చెయ్యి పోయినవాడు ఈ మూడు తాళాలు తీసుకుని కోర్టు గది దాటేసరికి అతని పిల్లలు పెద్దవాళ్ళై అదే గనిలో దిగి ఉంటారు.

బైబిలు చదివే దేశంలో ఇలా ఎలా జరిగిందని నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే. నిర్గమకాండము 21వ అధ్యాయాన్ని ఒకసారి తీరికగా చదవండి. మనిషిని కొట్టి మంచాన పడేసినవాడు, అతడు పనికి పోలేని రోజులకు పరిహారం ఇవ్వాలి, పూర్తిగా స్వస్థపడేదాకా వైద్యం చేయించాలి అని అక్కడ ఉంది. యజమాని కొట్టగా దాసుని కన్ను పోతే, ఆ కంటికి బదులుగా దాసుని విడిచిపెట్టాలని ఉంది. అన్నిటికంటే నన్ను ఆపేది పొడిచే ఎద్దు సంగతి. ఆ ఎద్దుకు పొడిచే అలవాటుందని ముందే తెలిసి, చెప్పినా వినక కట్టివేయని యజమానిని ధర్మశాస్త్రం వదిలిపెట్టదు. కవచం లేకుండా తిరిగే పళ్ళచక్రం, తెగబోతోందని ముందే తెలిసిన ఇనుప తాడు, ఇవి పొడిచే ఎద్దులు కాక మరేమిటి?

మళ్ళీ ఎయిర్‌షైర్‌కు వద్దాం. 1879లో, పదిహేడేళ్ళ వయసులో ఫిషర్ క్రాస్‌హౌస్ గని కార్మికుల సంఘానికి కార్యదర్శి అయ్యాడు. ఆ రోజుల్లోనే, తరువాత బ్రిటన్‌లో కార్మికుల పార్టీని నిలబెట్టిన కైర్ హార్డీతో పరిచయమైంది. 1881లో కూలి పెంచమని చేసిన సమ్మె పది వారాలు సాగి ఓడిపోయింది. 1885లో మరోసారి ఓటమి. ఆ తరువాత ఆయన పేరు యజమానుల నల్ల జాబితాలోకి ఎక్కింది. ఏ గనికి వెళ్ళినా పని లేదు. మీలో కొందరు ఊళ్ళో పని దొరకక విమానం ఎక్కినట్టే ఆయన తమ్ముడు జేమ్స్‌తో కలిసి ఓడ ఎక్కాడు. క్వీన్స్‌లాండ్ చేరాడు. వయసు 22.

మొదట బర్రమ్ బొగ్గు క్షేత్రంలో పని చేశాడు. 1888లో బంగారు గనుల పట్టణం గింపీకి మారాడు. అక్కడ కూడా సంఘం పని, అక్కడ కూడా సమ్మె, అక్కడ కూడా పని పోవడం. కొందరికి నోరు మూసుకోవడం చేతకాదు!

1891లో ఆయన చేసిన ఒక పని జీవిత చరిత్రల్లో ఒక్క వాక్యంలో వెళ్ళిపోతుంది. నాకు మాత్రం అది ముఖ్యం అనిపిస్తుంది. ఆయన ఇంజను నడిపే సర్టిఫికెట్ సంపాదించాడు. గని పైన యంత్రం నడపడానికి అర్హత అది. అప్పటిదాకా యంత్రం కింద ఉన్న మనిషి ఇప్పుడు యంత్రం దగ్గర నిలబడ్డాడు.

గని మీద ఇంజను పని అంటే ఏమిటో తెలియనివారికి చెబుతాను. షాఫ్ట్ నోటి దగ్గర ఎత్తైన చట్రం ఉంటుంది, దాని మీద పెద్ద చక్రాలు. ఇంజను గదిలోని డ్రమ్ము చుట్టూ ఇనుప తాడు చుట్టుకుని, ఆ చక్రాల మీదుగా షాఫ్ట్‌లోకి దిగుతుంది. తాడు చివర కేజీ. అందులో మనుషులు నిలబడి వందల అడుగులు కిందికి వెళ్తారు. ఇంజను నడిపేవాడికి వాళ్ళు కనబడరు. కింద నుండి వచ్చే గంట దెబ్బలే మాట. కేజీ ఎంత లోతులో ఉందో చూపే ముల్లు, చేతి కింద బ్రేకు, ఆవిరి వదిలే కడ్డీ, ఇవే అతని ఆధారం. ఒక గంటను తప్పుగా లెక్కపెడితే, అడుగు పెడుతున్న మనిషి ఉండగానే కేజీ కదులుతుంది. ఆఖరి క్షణంలో బ్రేకు ఆలస్యమైతే కేజీ వెళ్ళి పై చక్రాలకు తగులుతుంది. అందుకే ఇంజను నడిపేవానితో పనివేళలో ఎవరూ మాట్లాడకూడదనేది గనులన్నిటా పాటించే కట్టుబాటు.

ఇంతటి బాధ్యత మోసేవాడు పన్నెండు గంటల పనితో అలసిపోయి ఒక్కసారి తప్పు చేస్తే ఆ తప్పు ఎవరిది? చట్టం ప్రకారం తోటి పనివానిది. అతన్ని అంతసేపు నిలబెట్టినవానిది కాదు. ఇంజను గదిలో నిలబడినవారికి ఈ లెక్కలోని అన్యాయం ఎవరూ విప్పి చెప్పనక్కరలేదు.

అదే సమయంలో ఆయన గింపీ ప్రెస్బిటేరియన్ సంఘంలో సండేస్కూలు సూపరింటెండెంటు. మద్యం ముట్టేవాడు కాదు. వారమంతా యంత్రాలు, యూనియన్ సభలు, ఆదివారం పిల్లలకు వాక్యం. యూనియన్ అంటే లోకసంబంధమైనది, సండేస్కూలు ఆత్మసంబంధమైనది అని మన సంఘాల్లో కొందరు గీసే గీత ఆయనకు కనబడినట్టు లేదు. 1891లోనే గింపీ గని కార్మికుల సంఘానికి అధ్యక్షుడయ్యాడు. 1893లో క్వీన్స్‌లాండ్ శాసనసభకు గెలిచాడు. 1896లో ఓడిపోయాడు. ఆ ఓటమికి స్థానిక పత్రిక రాతలు ఒక కారణం అనుకుని, మిత్రులతో కలిసి తానే ఒక పత్రిక మొదలుపెట్టించాడు. 1899లో మళ్ళీ గెలిచాడు. ఆ ఏడాది డిసెంబరులో ఆండర్సన్ డాసన్ నాయకత్వంలో ప్రపంచంలోనే మొదటి కార్మిక ప్రభుత్వం క్వీన్స్‌లాండ్‌లో ఏర్పడింది. ఫిషర్ అందులో రైల్వేల మంత్రి. ఆ ప్రభుత్వం నిలిచింది వారం రోజులు!

1901లో ఆస్ట్రేలియా ఒకే సమాఖ్య అయింది. ఫిషర్ వైడ్ బే స్థానం నుండి మొదటి పార్లమెంటులో అడుగుపెట్టాడు. అదే ఏడాది మార్గరెట్ ఇర్విన్‌ను పెళ్ళి చేసుకున్నాడు. తరువాతి రాజకీయాలన్నీ చెప్పుకుంటూ పోతే పేజీలు చాలవు. 1907లో పార్టీ నాయకుడు, 1908 నవంబరులో మొదటిసారి ప్రధానమంత్రి. 1910 ఏప్రిల్ ఎన్నికల్లో ఆయన పార్టీ ఎవరి ఊతకర్ర లేకుండా సొంత బలంతో గెలిచింది. పదేళ్ళకు గనిలో దిగిన పిల్లవాడు ఇప్పుడు దేశానికి చట్టాలు చేయవచ్చు.

ఏం చేశాడు? రైల్వే లైను, నౌకాదళం, కామన్వెల్త్ బ్యాంకు వంటివి చరిత్ర పుస్తకాల్లో ఉంటాయి. నేను చెప్పేవి వేరు.

1908లో పార్లమెంటు ఒక పింఛను చట్టం చేసింది. అప్పుడు ప్రధాని ఆల్ఫ్రెడ్ డీకిన్, ఆయనకు మద్దతు ఫిషర్ పార్టీది. అందులో వృద్ధుల పింఛనుతో పాటు ప్రమాదం వల్ల గానీ అనారోగ్యం వల్ల గానీ శాశ్వతంగా పని చేయలేనివారికి పింఛను అనే భాగం ఉంది. వృద్ధుల భాగం 1909లో అమలైంది, రెండోది కాగితం మీదే ఉండిపోయింది. 1910 డిసెంబరులో దాన్ని అమలులోకి తెచ్చింది ఫిషర్ ప్రభుత్వం. ఏడాదికి గరిష్ఠంగా 26 పౌండ్లు, అంటే వారానికి 10 షిల్లింగులు. పెద్ద మొత్తం కాదు. కానీ కాలు పోయిన మనిషి ఆ డబ్బు కోసం ఎవరి తప్పో కోర్టులో రుజువు చేయనక్కరలేదు, గని యజమాని గుమ్మం దగ్గర టోపీ తీసి నిలబడనక్కరలేదు.

మౌంట్ కెంబ్లా ప్రమాదం తరువాత విధవరాండ్ర కోసం దేశమంతా చందాలు వేసుకుంది. మంచిదే, దేవుడు దాన్ని జ్ఞాపకముంచుకుంటాడు. అయితే చందా పెద్ద ప్రమాదానికే వస్తుంది. 96 మంది ఒక్కసారి చనిపోతే వస్తుంది. ఒక్కడి మూడు వేళ్ళు పోతే ఎవరు వేస్తారు? దయ మీద ఆధారపడినవాడు ప్రతి నెలా మంచివాడిగా కనబడాలి. హక్కు ఉన్నవాడు తలెత్తుకుని తీసుకోవచ్చు. న్యూ సౌత్ వేల్స్‌లో 1900లోనే గని కార్మికుల ప్రమాద సహాయ నిధికి ఒక చట్టం చేశారు. దానికి కార్మికుడు తన కూలిలో నుండి వారం వారం చెల్లించేవాడు, యజమాని, ప్రభుత్వం కొంత కలిపేవారు. హెలెన్స్‌బర్గ్ వాళ్ళకు ఆసరా అదే. దెబ్బ తినబోయేవాడే తన దెబ్బకు ముందుగా డబ్బు దాచుకోవడం అన్నమాట.

1911లో నావికుల పరిహార చట్టం. 1912లో కామన్వెల్త్ ఉద్యోగులకు పరిహార చట్టం. పనిలో జరిగిన ప్రమాదమైతే చాలు, తప్పు ఎవరిదని చూడకుండా పరిహారం ఇవ్వాలి అనే సూత్రం బ్రిటన్‌లో 1897లో మొదలైంది. దాన్నే ఇక్కడ కేంద్ర ప్రభుత్వం తన పనివారికి వర్తింపజేసింది. అదే 1912లో తెల్ల భాస్వరంతో చేసే అగ్గిపెట్టెలను నిషేధించారు. ఆ భాస్వరం పొగ అగ్గిపెట్టెల ఫ్యాక్టరీల్లో పనిచేసే వారి దవడ ఎముకను కుళ్ళబెట్టేది.

మరి హెలెన్స్‌బర్గ్ గని కార్మికుడికి ఆ 1912 చట్టం వర్తించిందా? లేదు. రాజ్యాంగం ప్రకారం గనులు, ఫ్యాక్టరీలు రాష్ట్రాల చేతిలో ఉన్నాయి. ఆ అధికారం కేంద్రానికి ఇవ్వమని ఫిషర్ 1911లో ప్రజలను రెఫరెండంలో అడిగాడు. కాదన్నారు. 1913లో మళ్ళీ అడిగాడు. కొద్ది తేడాతో మళ్ళీ కాదన్నారు. అదే రోజు జరిగిన ఎన్నికల్లో ప్రధాని పదవి కూడా పోయింది. న్యూ సౌత్ వేల్స్ కార్మికులకు గట్టి చట్టం, యజమాని తప్పనిసరిగా బీమా చేయించాలనే నియమంతో, 1926లో జాక్ లాంగ్ ప్రభుత్వం తెచ్చేదాకా రాలేదు.

ఇప్పుడు ఆ నొప్పి సంగతి.

నేను పైన మెచ్చుకున్న 1908 పింఛను చట్టంలోనే ఒక నిబంధన ఉంది. ఆస్ట్రేలియాలో పుట్టినవారు తప్ప మిగతా ఆసియావాసులకు పింఛను లేదు. ఈ నేల అసలు హక్కుదారులైన ఆదివాసులకు లేదు. పసిఫిక్ ద్వీపవాసులకు లేదు. ఫిషర్ సొంతంగా తెచ్చిన 1912 ప్రసూతి సహాయ చట్టం బిడ్డ పుట్టిన ప్రతి తల్లికీ 5 పౌండ్లు ఇచ్చింది, పెళ్ళి కాని తల్లికి కూడా ఇచ్చింది. అందుకు కొన్ని సంఘాల వారు కోపగించుకున్నా ఆయన తగ్గలేదు. ఆసియా తల్లికి, ఆదివాసీ తల్లికి మాత్రం లేదు. తెల్లవారి ఆస్ట్రేలియా విధానాన్ని ఆయన మనసారా సమర్థించాడు. క్వీన్స్‌లాండ్ చెరకు తోటల్లో చాకిరీ చేసిన పసిఫిక్ ద్వీపవాసులను తిప్పి పంపేయాలన్నవారిలో ఆయన ఒకడు. యజమానులు చౌక కూలి కోసం వాళ్ళను తెచ్చి పీడించారన్నది నిజమే. కానీ పీడించినవానికి వేయవలసిన శిక్ష పీడింపబడినవానికి పడింది.

చక్రంలో పడిన చెయ్యి ఏ రంగుదైనా రక్తం ఒకటే అని ఇంజను గదిలో నిలబడిన మనిషికి తెలియదా? ఆదివారం పిల్లలకు మంచి సమరయుని కథ చెప్పిన మనిషికి తట్టలేదా? ఆ కాలం అలాంటిది అని కొందరు సర్దిచెబుతారు. నాకు ఆ సమాధానం చాలదు. ఆ కాలంలోనే వేరుగా ఆలోచించినవారు ఉన్నారు. అయినా ఆయన చేసిన మేలును ఈ కారణంతో కొట్టివేయడానికి కూడా నాకు మనసొప్పదు, ఎందుకంటే ఆ మేలు ఈ రోజు మన పిల్లలు కూడా అందుకుంటున్నారు. లేదా, అందుకోవలసి ఉండీ అందుకోవడం లేదు.

అవును, చదువరీ, ఈ మాట మీతోనే. మన సంఘాల్లో చదువుకోవడానికి వచ్చిన పిల్లలు రాత్రిపూట గోదాముల్లో, బేకరీల్లో, మాంసం ప్యాకింగ్ షెడ్లలో పని చేస్తున్నారు. కన్వేయర్ బెల్టు, పిండి కలిపే మిషన్, ఫోర్క్‌లిఫ్ట్ వీళ్ళ లోకం. ఆదివారం ఆరాధనకు చేతికి కట్టుతో వస్తాడు ఒకడు. ఏమైంది బాబూ అంటే, కారు తలుపులో పడింది అంకుల్ అంటాడు. వీసాకు ఇబ్బంది అవుతుందేమో, రెండు వారాలకు 48 గంటల లెక్క దాటినట్టు బయటపడుతుందేమో, మళ్ళీ పిలవరేమో అనే భయం. మనం తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసి పంపుతాము. ప్రార్థన చేయండి. కానీ ఆ తరువాత కారు ఎక్కించుకుని డాక్టరు దగ్గరికి కూడా తీసుకువెళ్ళండి. గాయపడినవాణ్ణి చూసిన సమరయుడు కట్టు కట్టి, తన వాహనం మీద ఎక్కించి, పూటకూళ్ళ ఇంటి ఖర్చు కూడా లెక్కచూశాడు కదా.

న్యూ సౌత్ వేల్స్‌లో పనిలో గాయపడితే పరిహారం అడగడానికి యజమాని తప్పు చేశాడని నిరూపించనక్కరలేదు. పౌరసత్వం ఉండాలన్న నియమం లేదు. దెబ్బ తగిలిన వెంటనే యజమానికి చెప్పాలి, పని స్థలంలో ఉండే గాయాల రిజిస్టరులో రాయించాలి, ఇది పనిలో తగిలిన దెబ్బ అని డాక్టరుకు ఉన్నది ఉన్నట్టు చెప్పి సర్టిఫికెట్ తీసుకోవాలి. క్లెయిము ఆరు నెలల్లోపు వేయాలి. అంగీకరిస్తే మొదటి 13 వారాలు పాత సంపాదనలో 95 శాతం దాకా, ఆ తరువాత 80 శాతం దాకా పరిమితులకు లోబడి ఇస్తారు, వైద్యం ఖర్చు వేరు. కారు తలుపు అని డాక్టరుతో చెప్పిన కుర్రవాడికి ఇందులో ఏదీ రాదు. ఆర్నెల్లకు వేలు ముడుచుకోదు అని తెలిసినప్పుడు అతని దగ్గర కాగితం ఉండదు.

ఫిషర్ చివరి రోజులు చెప్పి ముగిస్తాను. 1914 సెప్టెంబరులో మూడోసారి ప్రధాని అయ్యేనాటికి యుద్ధం మొదలైపోయింది. గల్లిపోలీ నుండి పేర్ల జాబితాలు రావడం మొదలయ్యాయి. ఆయన నలిగిపోయాడు. 1915 అక్టోబరులో పదవి వదిలి, లండన్‌లో ఆస్ట్రేలియా హైకమిషనరుగా వెళ్ళాడు. 1921 దాకా ఆ పనిలో ఉన్నాడు. తిరిగి వచ్చి రాజకీయాల్లో నిలదొక్కుకోలేదు. మళ్ళీ లండన్ చేరాడు. క్రమంగా జ్ఞాపకశక్తి ఆయనను విడిచిపెట్టింది. గంట దెబ్బలు లెక్కపెట్టి మనుషులను పైకి తెచ్చిన మనిషి తన సంగతులు తానే మరచిపోయే స్థితికి వచ్చాడు.

ఈలోగా 1922లో మన దేశం నుండి వి. ఎస్. శ్రీనివాస శాస్త్రి గారు ఆస్ట్రేలియా వచ్చి, ఇక్కడున్న భారతీయులకు సమాన హక్కులు ఇవ్వమని ఊరూరా తిరిగి వాదించారు. 1925లో ఓటు హక్కు వచ్చింది. 1926లో పింఛను చట్టం సవరించారు. బ్రిటిష్ ఇండియాలో పుట్టి ఇక్కడ స్థిరపడినవాడు పనిలో చెయ్యి పోగొట్టుకుంటే, ఫిషర్ అమలుచేసిన ఆ పింఛను అతనికీ అందేలా మార్చారు. ఆదివాసులకు ఇంకా ఎన్నో ఏళ్ళు పట్టింది.

ఆ మార్పు కబురు లండన్‌లోని ఆ ఇంటికి చేరినా, దాని అర్థం గ్రహించే స్థితిలో ఆయన లేడు. 1928 అక్టోబరు 22న చనిపోయాడు. హాంప్‌స్టెడ్ శ్మశానంలో పాతిపెట్టారు. గింపీలో ఆయన కాపురమున్న చిన్న కొయ్య ఇంటిని అక్కడి గనుల మ్యూజియం ఆవరణలో నిలబెట్టారు.